సోయా గింజ – సూక్ష్మజీవుల సాయం

హైదరాబాదు నుండి చేవెళ్ళకు పోయే దారిలో మొయినాబాద్ ఉన్నది. దానికి ఒకవైపు 1920లో మూసీపై పూర్తయిన ఉస్మాన్‌సాగర్, మరొకవైపు 1927లో ఈసీపై పూర్తయిన హిమాయత్‌సాగర్ ఉన్నాయి. వీటి చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్యకారక పరిశ్రమలను నిషేధిస్తూ 1996లో 111వ ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. 2022లో వెలువడిన 69వ ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగించింది. ఇటువంటి చోట నూనె కర్మాగారం వెలిస్తే అది ఏ పద్ధతిని అనుసరించాలి? సోయాను ఉదాహరణగా తీసికొని పరిశీలిద్దాం.

నువ్వుల నెయ్యి ‘నూనె’ అయినది. తిలల నుండి వచ్చినది ‘తైలం’ అయినది. ఈ పేర్లు ఏర్పడిన నాటికి సోయా మనకు పరిచితం కాదు. నేడు ఆదిలాబాదు నల్లరేగడి నేలల్లో అది ముఖ్యమైన వానకాలపు పంట. నువ్వులలో దాదాపు సగం నూనె ఉండగా సోయాలో ఐదవ వంతే ఉంటుంది. మాంసకృత్తులు మాత్రం నూటికి సుమారు 40 పాళ్ళు. అందువల్ల సోయా గానుగకు అంతగా లొంగదు. కర్మాగారాలలో హెక్సేన్ అనే ద్రావణితో నూనెను కరిగించి తీస్తారు. నూనె దాదాపు పూర్తిగా వస్తుంది. కాని హెక్సేన్ సులభంగా అంటుకొనే ద్రవం. కొంత ఆవిరై గాలిలో కలుస్తుంది. పిండిలో మిగిలిన ద్రావణిని పోగొట్టుటకు వేడిచేసినప్పుడు మాంసకృత్తుల కరిగే గుణం తగ్గుతుంది. నూనె కోసం దానికి రెట్టింపు ఉన్న సంపదను చెడగొట్టుకొన్నట్లే!

సూక్ష్మజీవుల ఎంజైములు మరొక దారి చూపాయి. బాసిల్లస్ జాతి బాక్టీరియా నుండి లభించే ప్రోటియేజులు నూనె బిందువులను చుట్టుకొన్న మాంసకృత్తుల పొరను ఛేదిస్తాయి. ఆస్పర్జిల్లస్, ట్రైకోడెర్మా శిలీంధ్రాల ఎంజైములు కణకవచాన్ని సడలిస్తాయి. సోయా పిండిని నీటిలో కలిపి, 50 నుండి 60 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలుంచి, అపకేంద్ర యంత్రంలో తిప్పితే నూనె పైకి తేలుతుంది. మాంసకృత్తులు నీటిలోనికి, పీచు అడుగుకు చేరుతాయి.

అయితే తేలినదంతా స్వచ్ఛమైన నూనె కాదు. చాలాభాగం మీగడవంటి మిశ్రమం. పెరుగు చిలికితే వెన్న విడివడుతుంది. ఇక్కడ చిలికినకొద్దీ నూనె నీటిలో మరింత సన్నని బిందువులై చిక్కుకొంటుంది. దానిని విడదీయుటకు మరల ఎంజైములే కావాలి. ప్రోటియేజు మోతాదు మించితే మాంసకృత్తులకు చేదు వస్తుంది. ఖర్చు సరేసరి. ఈ పద్ధతి హెక్సేన్‌ను తొలగించలేకపోవుటకు కారణాలు ఇవే.

నూనె శుద్ధిలో మాత్రం ఎంజైములు నిలదొక్కుకొన్నాయి. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ తవుడు నూనెలోని జిగురును ఎంజైముతో తొలగించే విధానాన్ని రూపొందించి పరిశ్రమలకు అందించింది.

మొయినాబాద్ ప్రశ్నకు ఎంజైము పద్ధతి సగం సమాధానమే. హెక్సేన్ బెడద తీరినా, వాడిన నీటిలో చక్కెరలు, మాంసకృత్తులు మిగులుతాయి. శుద్ధి చేయక వదిలితే అవి జలాశయంలో కుళ్ళి, చేపలకు కావలసిన ఆక్సిజన్‌ను హరిస్తాయి.