చలికాలపు గాలివానల్లో గొర్రెల మంద, మంద కుక్క: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పాటించవలసిన యాజమాన్యం

నేపథ్యం

2016 అక్టోబర్ 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు వర్షాధార సేద్యానికీ, గొర్రెల పెంపకానికీ చిరకాలంగా పేరు పొందినవి. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.90 కోట్ల గొర్రెలు ఉన్నాయి. గొర్రెల సంఖ్యలో రాష్ట్రం దేశంలోనే ప్రథమ స్థానంలో నిలిచింది. ఇందులో పాలమూరు ప్రాంతపు గొల్ల, కురుమ కుటుంబాల పాత్ర గణనీయమైనది. నల్లని ముతక ఉన్ని గల దక్కని గొర్రె ఈ ప్రాంతపు పాత జాతి. మాంసపు ధర పెరిగిన కొద్దీ పొడవాటి కాళ్లు, పొట్టి వెంట్రుకలు గల నెల్లూరు జాతి గొర్రెలు, వాటి సంకరాలు మందల్లో పెరుగుతూ వచ్చాయి. ఈ మార్పుకు చలికాలంతో నేరుగా సంబంధం ఉంది. దక్కని గొర్రె ఒంటి మీద గొంగడితోనే పుడుతుంది. నెల్లూరు గొర్రెకు ఆ రక్షణ లేదు.

ఈ ప్రాంతంలో చలికాలపు ఉపద్రవం మంచు రూపంలో రాదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలు, తుఫానుల వల్ల రెండు మూడు రోజులు ఎడతెగని ముసురు పట్టి, దానికి ఈదురుగాలి తోడవుతుంది. 2025 అక్టోబర్ 28 రాత్రి కోస్తా తీరాన్ని దాటిన మొంథా తుఫాను ప్రభావంతో నాగర్‌కర్నూల్ జిల్లాతో సహా తెలంగాణలో భారీ వర్షాలు కురిశాయి. 2023 డిసెంబర్ 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచాంగ్ తుఫాను ప్రధాన వర్షం తూర్పు జిల్లాల మీదనే పడింది. అంటే ప్రతి తుఫానూ ఇక్కడికి చేరదు. అందుకే కాపరులు హెచ్చరికలను తేలికగా తీసుకునే అలవాటు ఏర్పడుతుంది. చేరిన ఒక్క తుఫాను మాత్రం ఒక్క రాత్రిలో సంవత్సరపు ఆదాయాన్ని తుడిచిపెట్టగలదు.

ఈ నష్టం సరిగ్గా ఈనిక కాలంలో వస్తుంది. తొలకరి పచ్చిక తిన్న గొర్రెలు జూన్, జులై నెలల్లో ఎదకు వస్తాయి. గొర్రె చూడికాలం 147 నుంచి 150 రోజులు కనుక ఈతలు నవంబర్, డిసెంబర్ నెలల్లో పడతాయి. వాయుగుండపు ముసురు, ఈనిన తల్లి, రెండున్నర కిలోల తడి పిల్ల ఒకే పొలంలో ఒకే రాత్రి కలుస్తాయి.

సలహాకు, మందకు మధ్య ఉన్న దూరం

గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద వ్యవసాయ వాతావరణ సలహా సంచికలు ప్రతి మంగళ, శుక్రవారాల్లో వెలువడతాయి. వీటిలో పశువులకు సంబంధించి సాధారణంగా కనిపించే వాక్యం, వాటిని పాకల్లో కట్టివేయాలన్నది. పాక ఉన్న పాడి రైతుకు ఇది చాలును. కోసిన చేలలో ఎరువు కోసం రాత్రికొక పొలంలో మంద పెట్టే కాపరికి పాక లేదు. ఊరు మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అతని దగ్గర ఉన్నవి వల, నాలుగు గూటాలు, గొంగడి, రెండు మూడు కుక్కలు. కనుక విస్తరణ శాస్త్రవేత్త ఇచ్చే సలహా ఈ నాలుగింటితో ఏమి చేయవచ్చునో చెప్పేదిగా ఉండాలి. కుక్క గురించి మన సలహా సంచికల్లో ఒక్క మాట కూడా అరుదు. మందకు కాపలా, కాపరికి తోడు, కొన్ని రోగాలకు వాహకం కూడా అదే కావడం వల్ల దానిని వదిలి మంద యాజమాన్యం గురించి మాట్లాడడం అసంపూర్ణమే.

మంద పెట్టే స్థలం

గద్వాల, అలంపూర్ ప్రాంతంలో, అనగా కృష్ణా తుంగభద్రల నడుమ గల నడిగడ్డలో, నల్లరేగడి విస్తారంగా ఉంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో చల్క నేలలు ఎక్కువ. రేగడిలో వాన నీరు ఇంకదు. గిట్టల సందున బంక పట్టి రెండు రోజుల్లో చర్మం మెత్తబడి కుళ్లు మొదలవుతుంది. కుక్క పాదాల వేళ్ల నడుమ కూడా ఇదే బంక ఎండి, రాయిలా గట్టిపడి కోస్తుంది. హెచ్చరిక వచ్చిన నాడే మందను రేగడి నుంచి దగ్గరలోని చల్క గట్టుకో, రాతి నేలకో తరలించడం మొదటి పని. వంకలు, చెరువు అలుగుల దిగువ స్థలాలు ఎంత పచ్చగా ఉన్నా వదిలివేయవలసినవే. 2009 అక్టోబర్ తొలి రోజుల్లో కృష్ణా, తుంగభద్రలకు వచ్చిన వరదలో అలంపూర్ ప్రాంతపు గ్రామాలు మునిగాయి; నది ఒడ్డు మేతను నమ్ముకొన్న మందలకు ఆ సంవత్సరాన్ని మించిన పాఠం అక్కరలేదు.

వాయుగుండం వేళ గాలి సాధారణంగా ఈశాన్యం లేదా తూర్పు నుంచి మొదలై, అది కదిలిన కొద్దీ దిశ మారుతుంది. మందకు గాలి వచ్చే వైపున జొన్న చొప్ప కట్టలో, కంది కట్టెలో, టార్పాలినో నడుము ఎత్తున అడ్డు పెడితే చాలు, పైకప్పు లేకున్నా ఎంతో మేలు. తడిసిన గొర్రెను చంపేది చలి ఒక్కటే కాదు, తడి మీద వీచే గాలి. కాబట్టి పైకప్పుకు చాలినంత టార్పాలిన్ లేనప్పుడు దానిని నిలువుగా కట్టడమే మంచిది. ఉన్ని కత్తిరింపును ముసురు కాలానికి ముందు మూడు నాలుగు వారాలలో చేయరాదు.

మేత విషయంలో ఒక మాట. నెమరు వేసే జంతువు పొట్టలో పీచు పులియడం వల్ల వేడి పుడుతుంది. అందువల్ల ముసురు రాత్రికి ముందు సాయంత్రం వేరుశనగ కట్టె, జొన్న చొప్ప వంటి ఎండుమేత కడుపునిండా పెట్టిన మంద, పచ్చిక మాత్రమే మేసిన మంద కంటే చలిని బాగా తట్టుకుంటుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో వేరుశనగ సాగు విరివిగా ఉన్నందున కట్టె దొరకడం కష్టం కాదు. తడవకుండా దాచడమే కష్టం.

పిడుగు

అక్టోబర్ వానల్లో పిడుగుల భయం ఎక్కువ. గొర్రెలు వాన మొదలుకాగానే చెట్టు కింద గుమికూడతాయి. చెట్టుపై పడిన పిడుగు విద్యుత్తు వేళ్ల గుండా నేలలో నలుదిక్కులకు పాకుతుంది. ముందు కాళ్లకు, వెనుక కాళ్లకు మధ్య దూరం ఉన్న జంతువులో ఆ రెండు చోట్ల విద్యుత్ పీడనం వేరుగా ఉండి, ప్రవాహం గుండె మీదుగా సాగుతుంది. ఒకే చెట్టు కింద పదుల సంఖ్యలో గొర్రెలు చనిపోవడానికి కారణం ఇదే. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్ల కంటే తక్కువ సమయం ఉంటే పిడుగు దాదాపు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్లు. అప్పుడు కుక్కలతో మందను చెట్ల నుంచి బయటకు, ఎత్తు తక్కువైన బయలు నేలలోకి మళ్లించాలి. ఇనుప గొలుసుతో ఇనుప గూటానికి కుక్కను కట్టి ఉంచడం ఈ సమయంలో ప్రాణాపాయం. దామిని యాప్ ద్వారా పిడుగు సమాచారం ముందుగా తెలుసుకోవచ్చు.

అప్పుడే పుట్టిన పిల్ల

గొర్రెపిల్ల సాధారణ శరీర ఉష్ణోగ్రత 39 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. ఇది 37 కంటే తగ్గితే ప్రమాదస్థితి. ఇక్కడ కాపరులు మంచి మనసుతో చేసే రెండు పొరపాట్లు పిల్లలను చంపుతున్నాయి. మొదటిది, తల నిలపలేని చల్లబడిన పిల్ల నోట్లో పాలు పోయడం. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండవది, పుట్టి ఐదు గంటలు దాటినా పాలు తాగని పిల్లను నేరుగా మంట దగ్గర వేడి చేయడం. దాని ఒంట్లోని కొవ్వు నిల్వ అప్పటికే అయిపోయి ఉంటుంది. శరీరం వేడెక్కగానే మెదడుకు గ్లూకోజు చాలక మూర్ఛ వచ్చి చనిపోతుంది. అటువంటి పిల్లకు పశువైద్యుడు ముందుగా 20 శాతం గ్లూకోజు ద్రావణాన్ని కిలో బరువుకు 10 మిల్లీలీటర్ల చొప్పున, గోరువెచ్చగా, ఉదరకుహరంలోకి ఎక్కించి, ఆ తరువాతే వేడి చేయాలి. సంచార పశువైద్య వాహనాన్ని 1962 నంబరుకు ఫోన్ చేసి పిలవవచ్చు.

ఐదు గంటల లోపు పిల్ల అయితే తుడిచి ఆరబెట్టి, గొంగడిలో చుట్టి వెచ్చబరచి, తల నిలిపిన తరువాత ముర్రుపాలు పట్టాలి. ఒక్కో తడవకు కిలో బరువుకు 50 మిల్లీలీటర్లు, అనగా రెండున్నర కిలోల పిల్లకు సుమారు 125 మిల్లీలీటర్లు.

మంద కుక్క

ఈ మందలతో తిరిగేవి ఎక్కువగా నాటు కుక్కలు. పొట్టి వెంట్రుకలు, పలుచని ఒళ్లు. ఎండకు అనువైన ఈ నిర్మాణమే తడి చలిలో వాటికి ప్రతికూలం. అయినా కుక్క దేనినైనా ఓర్చుకుంటుందన్న నమ్మకం బలంగా ఉంది. కాపరి గొంగడి కొప్పు వేసుకుంటాడు, పిల్లను సంకలో పెట్టుకుంటాడు. కుక్క మాత్రం వానలోనే. రాత్రంతా వణికిన కుక్క తెల్లవారుజామున ముడుచుకొని పడుకుంటుంది. తోడేలు వచ్చేదీ సాధారణంగా ఆ వేళనే.

కాపలా విషయంలో గాలి దిశను అర్థం చేసుకోవాలి. గాలి ఈశాన్యం నుంచి వీస్తున్నప్పుడు ఆ వైపు నుంచి వచ్చే జంతువు వాసన కుక్కకు ముందే అందుతుంది. నైరుతి నుంచి, గాలికి ఎదురుగా పొంచి వచ్చే జంతువు వాసన వెనుకకే పోతుంది. పైగా గాలివాన హోరులో అడుగుల చప్పుడు వినబడదు. కనుక కుక్కలన్నింటినీ కాపరి పక్కనే ఉంచక, ఒక దానిని గాలి పోయే వైపున, మందకు ముప్పై నలభై అడుగుల దూరంలో చొప్ప పరచిన గోనె గూడులో పడుకోబెట్టడం మేలు. టార్చి పట్టుకొన్న మనిషి కాపలా కూడా ఆ వైపే ఉండాలి. భారతీయ తోడేళ్లు శీతకాలంలోనే పిల్లలు పెడతాయి కనుక వాటికి ఆహారపు అవసరం ఎక్కువగా ఉండే కాలమిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద తోడేలు రక్షిత జంతువు. విషం పెట్టడం నేరం, ఆ విషం మొదట తినేది సాధారణంగా మంద కుక్కే.

మేత సంగతి. జొన్న సంకటి, గంజి నీళ్లతో కుక్క బతుకుతుంది గాని, ముసురు రోజుల్లో అది చాలదు. మామూలు కంటే కనీసం పావు వంతు ఎక్కువగా, వెచ్చగా, నూనెనో కొవ్వునో కలిపి పెట్టాలి. ఉడికిన గుడ్డు, ఎండుచేప దొరికితే మరీ మంచిది. తడిసి బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నలను మనుషులకు పనికిరావని కుక్కకు వేసే అలవాటు మానాలి. అఫ్లాటాక్సిన్ విషానికి కుక్క చాలా సున్నితం. కాలేయం చెడి, కామెర్లు వచ్చి, కొన్ని రోజుల్లోనే చనిపోవచ్చు. ముసురు తరువాత మేత మానిన కుక్కను చూసి చలి తగిలిందని సరిపెట్టుకోరాదు. ముందటి వారం అది ఏమి తిన్నదో అడగాలి.

మన నాటి కుక్కలు ఎక్కువగా శీతకాలంలోనే పిల్లలు పెడతాయి. కళ్లు తెరవని కూనలు తమ ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు. తల్లిని కాపలా నుంచి రెండు వారాలు తప్పించి, తడి తగలని గూడులో ఉంచడం దయ కోసమే కాదు. ఆ కూనల్లోంచే వచ్చే సంవత్సరపు మంద కుక్క రావాలి. గొర్రెల నడుమ పెరిగిన కూనే పెద్దయ్యాక వాటిని తరమదు.

చనిపోయిన పిల్లలు, కుక్కలు, గిడ్డు రోగం

గాలివాన వెలిసిన మరునాడు జరిగే ఒక పని మీద విస్తరణ సిబ్బంది ప్రత్యేక దృష్టి పెట్టాలి. చనిపోయిన గొర్రెలను, కోసిన తలలను కుక్కలకు వేస్తారు. కాపరి దృష్టిలో అది వృథా కాని ఆహారం. ఆకలితో ఉన్న కుక్కకు రాత్రి కాపలాకు కూలి. కాని గొర్రె మెదడులోని నీటి బుడగలను తిన్న కుక్క పేగులో టీనియా మల్టిసెప్స్ అనే బద్దెపురుగు పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో గడ్డి మీద పడి, మేసే గొర్రెలోకి చేరి, మెదడులో మళ్లీ బుడగలవుతాయి. గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరగడం, తల వాల్చడం, చూపు మందగించడం దీని లక్షణాలు. ఇవి కొన్ని నెలల తరువాత బయటపడతాయి గనుక డిసెంబర్‌లో కుక్కకు వేసిన తలకు, వేసవిలో తిరుగుతూ పడిన గొర్రెకు ఉన్న సంబంధం కాపరికి కనబడదు. ఊపిరితిత్తులు, కాలేయంలోని హైడాటిడ్ తిత్తులదీ ఇదే దారి. ఆ పురుగు గుడ్లు మనిషికి, ముఖ్యంగా కుక్కతో ఆడే పిల్లలకు ప్రమాదకరం.

చనిపోయినవాటిని కుక్కలు తవ్వలేని లోతులో సున్నం చల్లి పూడ్చాలి. రేగడి తడిలో గుంత తవ్వడం ఎంత కష్టమో తెలియనిది కాదు. అందుకే ముసురుకు ముందే ఒక గుంత సిద్ధంగా ఉంచమని చెప్పడం ఆచరణకు దగ్గరగా ఉంటుంది. మందకు నట్టల మందు తాగించే రోజునే కుక్కలకూ ప్రాజిక్వాంటెల్ కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఇవ్వాలి. ఇది మూడు నెలలకొకసారి, గిడ్డు కనబడిన మందల్లో ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి అవసరం. గొర్రెకు మాత్రమే మందు వేసి కుక్కను వదిలివేస్తే ఖర్చు వృథా. వానల తరువాత కూలికాయిడ్స్ దోమలు పెరిగి నీలి నాలుక వ్యాధి వచ్చే కాలం కూడా ఇదే. దాని టీకా ముసురు కాలానికి ముందే వేయించాలి.

కుక్కలకు మూడు నెలల వయసులోనూ, తరువాత ఏటా రేబిస్ టీకా తప్పనిసరి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంచు గ్రామాల్లో, నల్లమల వైపు వేసవి వలసకు వెళ్లే మందల్లో కుక్కలకు డిస్టెంపర్ టీకా కూడా వేయించాలి. ఆ వైరస్ ఊరి కుక్కల నుంచి అడవిలోని మాంసాహార జంతువులకు, పులికి సైతం సోకగలదు. వలస జనవరి తరువాత మొదలవుతుంది కనుక, ముసురు వెలిసిన డిసెంబర్ చివరి వారాలలో, మందలు ఇంకా ఊరి దగ్గర ఉండగానే ఈ టీకాల శిబిరం పెట్టడం వీలైన సమయం.