రైతు యింటి కుక్క: పెంపకము, శిక్షణము, కాపుదల

మిరపకాయలు కల్లమునకు చేరిన దినము మొదలు బస్తాలకెక్కి యార్డునకో శీతల గిడ్డంగికో పోవువఱకు రైతునకు కంటికి కునుకు లేదు. నల్లరేగడి చేలలో పండిన పంట అనేక దినములు ఆకాశము క్రింద ఆఱుచుండును. అంతటి సొమ్మునకు తలుపు లేదు, తాళము లేదు. పట్టాల ప్రక్క నులకమంచము వేసికొని పండుకొను కాపరియు, ఆ మంచము క్రింద ముడుచుకొని చెవులు నిక్కించి యుండు కుక్కయు, ఈ యిరువురే దానికి కావలి. పత్తి యింటికి చేరిన దినములలోను ఇదియే స్థితి.

ఎద్దునకు దాణా కొలిచి పెట్టుదుము. గేదెకు జ్వరము వచ్చినచో పశువైద్యుని పిలుతుము. కుక్కకు మాత్రము మిగిలిన మెతుకులు వేయుటయే కాని, నేర్పునది లేదు, చూచునది లేదు, టీకా వేయించునది అంతకన్న లేదు. ఈ చివరిది మన బిడ్డల ప్రాణములతో ముడివడిన సంగతి. కావున సభ్యులు ఈ పాఠమును యింటిల్లిపాదికిని చదివి వినిపింపవలయునని కోరుచున్నాము.

1. పిల్లను ఎన్నుకొనుట

కుక్కపిల్లను తల్లి వద్దనుండి ఎనిమిది వారములు నిండకుండ వేఱుచేయరాదు. తోబుట్టువులతో ఆడుకొనునపుడే అది పంటి బిగువును అదుపులో నుంచుకొనుట నేర్చుకొనును. గట్టిగా కొఱికినచో ఆట ఆగిపోవునని దానికి తెలియును. కన్నులు తెఱవగనే ఎత్తుకొని వచ్చిన పిల్లకు ఈ పాఠము లోపించును.

మన మైదానములకు మన నాటుకుక్కయే తగినది. దాని పొట్టివెండ్రుకల చర్మము మన యెండకు ఓర్చును. తిండి కొంచెము, తెలివి మెండు. మన పొరుగున తమిళదేశమునందు రాజపాళయము కుక్కయు, కన్నడదేశమునందు ముధోలు వేటకుక్కయు ప్రసిద్ధములు. 2005లో తపాలాశాఖవారు ఈ రెండు జాతులకును తపాలా బిళ్ళలు వెలువరించి గౌరవించిరి. చలిదేశముల నుండి వచ్చిన దట్టపు బొచ్చు కుక్కను వేడుకకై కొని తెచ్చి, వైశాఖమాసపు టెండలో ఇనుపరేకుల క్రింద కట్టివేయుట దానికి శిక్షయే కాని మనకు గౌరవము కాదు.

2. మొదటి మూడు మాసములు

పుట్టిన మూడవ వారమునుండి సుమారు పదునాల్గవ వారము వఱకు గల కాలము కుక్క జీవితమున మిక్కిలి విలువైనది. ఆ దినములలో చూచిన మనుష్యులను, విన్న చప్పుళ్లను అది లోకసహజములని తలంచును. అప్పుడు చూడనివానికి పిమ్మట భయపడును. కావున పిల్లకు పసిబిడ్డలను, ముసలివారిని, గొడుగు పట్టినవారిని, తట్ట నెత్తుకొన్నవారిని, ట్రాక్టరును, మందుకొట్టు యంత్రపు చప్పుడును, గేదెలను, కోళ్లను మెల్లమెల్లగా దూరమునుండి చూపవలయును. అది బెదరినచో వెనుకకు తీసికొనిపోయి, మఱునాడు మరల చూపవలయును.

కావలికుక్క క్రూరముగా నుండవలయునని పిల్లను చీకటికొట్టులో కట్టియుంచి, ఎవరికిని కనబడనీయకుండ పెంచు వాడుక కొన్ని తావుల గలదు. ఇది పొరపాటు. అట్లు పెరిగిన కుక్క ధైర్యము గలది కాదు, పిఱికిది. కాట్లలో మిక్కుటము భయమువలన పుట్టినవే. మన వారెవరో తెలిసిన కుక్కయే పరాయివానిని గుఱుతుపట్టగలదు; ఎవరిని చూచినను వెఱచు కుక్క దొంగను చూచినను, కూలికి వచ్చిన అమ్మను చూచినను ఒకే తీరున మీద పడును.

3. మాట నేర్పుట

ఒక పనికి ఒకటే మాట యుండవలయును. తండ్రి "రా" యనియు, తల్లి "ఇటురా" యనియు, పిల్లలు "దా" యనియు పిలిచినచో కుక్క మూడు భాషలు నేర్వవలసి వచ్చును. రా, కూర్చో, ఆగు, వదలు, చోటికి పో, ఈ యైదు మాటలు రైతు యింటికి చాలును. ఇంటివారందఱు కూడి వీనిని ముందుగనే నిశ్చయించుకొనవలయును.

"కూర్చో" యను మాటను నేర్పు విధము: చిన్న గ్రుడ్డు ముక్కను కుక్క ముక్కునొద్ద నుంచి, మెల్లగా తలమీదుగా వెనుకకు జరుపుడు. దాని తల పైకి లేచును, వెనుకభాగము తానై నేలకు దిగును. అది కూర్చున్న క్షణముననే మాట పలికి ముక్క నీయవలయును. ఆలస్యమైనచో దేనికి బహుమాన మిచ్చితిమో దానికి తెలియదు. పూటకు ఐదు నిమిషములు చాలును. విసుగు పుట్టకమునుపే ఆపివేయుడు.

"రా" యను మాట అన్నిటికన్న ముఖ్యము. వచ్చిన కుక్కను ఎన్నడును కొట్టరాదు, తిట్టరాదు. కోడిని తరిమిన తప్పునకు పిలిచి కొట్టినయెడల, అది కోడిని తరుముట మానదు, పిలిచినపుడు వచ్చుట మానును. ఇంటిలో తడిపిన పిల్ల ముక్కును అందులో రాయుటయు ఇట్టిదే. నిద్ర లేవగనే, తిన్న పిమ్మట, ఆడిన పిమ్మట దానిని ఒకే చోటికి తీసికొనిపోయి, అచ్చట పని కానిచ్చినపుడు మెచ్చుకొన్నచో కొలది వారములలో అదియే అలవాటగును.

"వదలు" అను మాట ప్రాణరక్షకము. మూసిన గుప్పిట తిండి చూపి, కుక్క నాకుట మాని తల ప్రక్కకు త్రిప్పినపుడు మాట పలికి, రెండవ చేతినుండి వేఱొక ముక్క నీయుడు. ఇది నేర్చిన కుక్క గట్టుమీద పడియున్న విషపుటెరను నోట పెట్టకమునుపే మీ మాటకు ఆగును.

కల్లమునందు కుక్క కాయలమీద నడువరాదు, పండుకొనరాదు. మలమూత్రములు తగిలిన కాయ తినుటకు తగదు, ధరకును తగదు. ప్రతిదినము ఉదయ సాయంకాలములు త్రాడు పట్టుకొని పట్టాల అంచు వెంబడి త్రిప్పుచు, లోనికి అడుగిడినపుడు ఆగి, వెలుపలికి వచ్చినపుడు మెచ్చుకొనుడు. దానికొక గోనెపట్టను అంచున పఱచి, "చోటికి పో" యను మాటతో అదియే దాని స్థానమని తెలియజేయుడు.

పగలంతయు గొలుసుతో కట్టియున్న కుక్క రాత్రి మంచి కావలి కాయునని తలంచుట తప్పు. కదలికలేని కుక్కకు విసుగును కోపమును పెరుగును. కట్టవలసివచ్చినను నీడ, నీరు, తిరుగుటకు చాలినంత పొడవు గల త్రాడు నుండవలయును. దినమునకు రెండుమార్లు నడిపింపవలయును.

4. తిండియు నీరును

అన్నము, జొన్నసంకటి, ఉడికిన గ్రుడ్డు, ఎముకలు తీసిన ఉడికిన మాంసము, పెరుగు, ఇవి చాలును. పెద్దకుక్కకు రెండు పూటలు, పిల్లకు మూడు నాలుగు పూటలు పెట్టవలయును. మన కూరలలోని కారము, ఉప్పు దానికి తగవు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణములను చెఱచును, ద్రాక్ష, కిసిమిసి మూత్రపిండములను చెఱచును, చాక్లెట్టు విషము. ఉడికిన కోడియెముక సూదివలె చీలి ప్రేగులను గ్రుచ్చును.

కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు; నాలుక చాచి ఒగర్చుటచేతనే అది చల్లబడవలయును. వేసవిలో నీటితొట్టి రేయింబవళ్లు నిండియుండవలయును. ఎండదెబ్బ తగిలి కూలిన కుక్కను నీడకు చేర్చి, ఒడలెల్ల చల్లని నీటితో తడిపి విసరుచు వైద్యునియొద్దకు తీసికొనిపోవలయును.

5. మన చేలలోని విషములు

ఆముదపు చెక్క నేలకు బలము, కుక్కకు మృత్యువు. దాని వాసనకు ఆశపడి కుక్క తినును. అందలి రైసిన్ అను విషమునకు విఱుగుడు మందు లేదు. బస్తాలు గదిలో పెట్టి తాళము వేయుడు, చేలో చల్లినపుడు మన్నుతో బాగుగా కలిపివేయుడు. ఎలుకల మందు కలిపిన ఎరలను కలుగులలో పెట్టి మూసివేయుడు. మఱునాడు చచ్చిన ఎలుకలను ఏరి పూడ్చుడు. పురుగుమందు డబ్బాను కుక్కకు నీటి పాత్రగా పెట్టుట మేము గ్రామములలో కన్నులార చూచినదే. కడిగినను అది విషపాత్రయే.

అంతకన్న ఘోరమైన వాడుక మఱియొకటి గలదు. పిడుదులు పట్టెనని పత్తికి కొట్టగా మిగిలిన మందును కుక్క ఒడలికి పూయుదురు. కుక్క దానిని నాకును. చర్మముగుండను మందు లోని కెక్కును. చొంగ కారి, వణకి, కండరములు కొట్టుకొని, గంటలలో ప్రాణము పోవును. పిడుదులకు కుక్కల కొఱకే చేసిన మందులు పశువైద్యుని సలహాపై దొరకును. పిడుదులు రక్తములోనికి జ్వరవ్యాధిని తెచ్చును గనుక వానిని ఉపేక్షింపను రాదు. విషము తిన్న కుక్కకు ఉప్పునీరు పోసి కక్కించు ప్రయత్నములు చేయక, మందు డబ్బాతో కూడ వైద్యునియొద్దకు పరుగెత్తుడు.

6. వెఱ్ఱికుక్క కాటు

రేబీస్ అను జలభీతి వ్యాధి లక్షణములు బయటపడిన పిమ్మట బ్రతుకుట దాదాపుగా లేదు. ముందుగా టీకా వేసినచో రాకుండ ఆపుట మాత్రము మన చేతిలోనే యున్నది. 1885 జూలై 6వ తేదీన లూయీ పాశ్చరు, జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునకు మొదటి టీకా ప్రారంభించెను. మన దక్షిణదేశమునకు 1907లో నీలగిరులపై కూనూరునందు పాశ్చరు సంస్థ ఏర్పడెను. అమెరికా దాత హెన్రీ ఫిప్సు ఇచ్చిన ధనములో కొంత బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనాలయమునకును, కొంత ఈ కూనూరు సంస్థకును వినియోగపడినది. పైరును కాచు విద్యకును, ప్రాణమును కాచు విద్యకును ఒకే చేయి తోడ్పడెనన్న మాట. ఆ తొలిదినములలో కాటు తిన్నవారు రైలెక్కి కొండకు పోవలసినవారే. పెద్దలు చెప్పు బొడ్డుచుట్టు సూదులు ఆ పాతకాలపు మందువి. 2004 తరువాత మన దేశమున అది విడువబడినది. నేడు ప్రభుత్వాసుపత్రులలో చేతి చర్మములో వేయు టీకా ఉచితము; మొదటి దినము, మూడవ, ఏడవ, ఇరువది యెనిమిదవ దినములలో దానిని వేయుదురు.

కాటు పడినచో చేయవలసినవి ఇవి. గాయమును పాఱుచున్న నీటిక్రింద సబ్బుతో పూర్తిగా పదునైదు నిమిషములు కడుగుడు. వెంటనే ఆసుపత్రికి పొండు. రక్తము వచ్చిన గాయమైనచో టీకాతో కూడ గాయముచుట్టు వేయు ఇమ్యునోగ్లోబులిన్ అను మందును అడుగుడు. కఱచిన కుక్కను పది దినములు గమనింపవచ్చును గాని, దాని కొఱకు టీకాను ఆపరాదు.

చేయరాని వానిలో మన సీమకు చెందినది ముఖ్యముగా నొకటి గలదు: గాయమునకు కారము అద్దుట. మంట పుట్టినచో విషము చచ్చునని కొందఱ నమ్మకము. కారము వ్యాధిక్రిమిని చంపదు. గాయమును రేపి, కడుగుటకు వీలులేకుండ చేయును. సున్నము, పసరు, నాటుమందు కూడ ఇట్టివే. అన్నింటికన్న అవి హరించునది సమయమును. లాజరు వ్రణములను కుక్కలు నాకెనను కథను మేము బాల్యమున పాఠశాలలో వింటిమి. నేటి జ్ఞానము ప్రకారము, తెఱచియున్న పుండును కుక్క నాకినను అది కాటుతో సమానముగా ఎంచి వైద్యము పొందవలయును.

"మొఱగు కుక్క కఱవదు" అను సామెతను బిడ్డలకు నేర్పకుడు. అదియును గాక, వెఱ్ఱికుక్క ఎల్లప్పుడు మీదపడి కఱచునది కాదు. ఒక విధమగు వెఱ్ఱిలో అది మూలన నక్కి, దవడ వ్రేలాడవేసి, చొంగ కార్చును. గొంతులో ఎముక తగులుకొన్నదని జాలిపడి నోట చేయి పెట్టరాదు. కుక్క కఱచిన ఎద్దును గేదెను కూడ వెంటనే పశువైద్యునకు చూపుడు.

7. సంఘము చేయదగిన పని

కుక్కపిల్లకు మూడు మాసములు నిండగనే రేబీస్ టీకా, వైద్యుడు చెప్పిన గడువున రెండవది, పిమ్మట ఏటేట ఒకటి. ఇది ఒక్క యింటి సంగతి. కాని మీ కుక్కకు టీకా వేయించి, వీథికుక్కను విడిచినచో, నీరు కట్టిన మడికి ఒక గట్టు వేసి మూడు గట్లు విడిచినట్లగును. ఊరిలోని కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా పడినచో వ్యాధి ఒకదానినుండి మఱొకదానికి ప్రాకుట ఆగునని ప్రపంచారోగ్య సంస్థ తెలిపినది. జపాను దేశము 1950లో చట్టము చేసి, కుక్కలన్నిటికి టీకాలు వేయించి, 1957 నాటికే ఈ వ్యాధిని తన నేలనుండి తొలగించుకొన్నది. మన దేశముననే గోవా రాష్ట్రము 2021లో రేబీసు అదుపులోనికి వచ్చిన ప్రాంతముగా ప్రకటింపబడినది. కుక్కలను చంపుటవలన ఈ ఫలము రాదు. ఖాళీయైన చోటికి టీకా లేని క్రొత్త కుక్కలు వచ్చును. టీకాయు, సంతాన నిరోధక శస్త్రచికిత్సయు, ఇవియే మార్గము.

ఇది ఒంటరి రైతు చేయగల పని కాదు, సహకారమునకే తగిన పని. ప్రతి సంఘమును గ్రామమునందలి కుక్కల పట్టిక నొకటి వ్రాయవలయును. పెంపుడువి ఎన్ని, వీథివి ఎన్ని, వానికి అన్నము పెట్టువారెవరు అని గుఱుతింపవలయును. వీథికుక్కను పట్టుకొనగలిగినవారు దానికి అన్నము పెట్టు అవ్వలును పిల్లలునే. వారి సాయము లేక ఏ వైద్యుడును ఏమియు చేయజాలడు. సెప్టెంబరు 28 ప్రపంచ రేబీస్ దినము. అప్పటికి మిరపనాట్ల పని యున్నను, కల్లముల కాలము ఇంకను దూరమే. ఆ నెలలో ఒక దినము పశువైద్యునితో నిశ్చయించుకొని, చావడియొద్ద కుక్కలన్నిటికిని టీకాలు వేయించి, తేదీని పట్టికలో నెక్కించుడు. మఱుసటి యేట ఆ పట్టికనే తెఱచి, లేనివాని పేర్లు తీసివేసి, క్రొత్తవానిని చేర్చుడు.

రాబోవు సర్వసభ్య సమావేశపు కార్యక్రమములో ఎరువుల బాకీల తరువాతనైనను ఈ యంశమును చేర్పవలయునని కార్యదర్శులను కోరుచున్నాము. పట్టిక వ్రాయుటకు ఒక నోటుపుస్తకమును, ఊరు తిరుగుటకు ఇద్దఱు యువకులును చాలుదురు.