క్రొత్త శ్రుతికారునకు పని దొరకుట యెట్లు?

పియానో యను వాద్యమునందు ఇన్నూటికి పైగా తీగెలుండును. మీటను నొక్కగానే లోపలి చిన్న సుత్తి తీగెను గొట్టును. గాలిలోని తేమను బట్టి చెక్కపలక ఉబ్బుచు, కుంగుచు నుండుటచే తీగెల బిగువు మారి శ్రుతి తప్పును. కావున పియానో లున్నచోట శ్రుతికారునకు పని యుండనే యుండును. అయినను క్రొత్తవానిని విలువైన వాద్యముపై చేయి వేయనిచ్చువా రెవరు? ఈ ప్రశ్నకు క్లోడ్ మొంతాల్ జీవితము చక్కని యుత్తరము.

మొంతాల్ 1800వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమున జన్మించి, పసితనముననే జ్వరముచే చూపు గోల్పోయెను. పారిస్ నగరమందలి అంధబాలుర పాఠశాలలో చదివెను. లూయీ బ్రెయిల్ చదివినదియు నచ్చటనే. మొంతాలును, తోటి అంధవిద్యార్థియు పాఠశాల పియానోలను తామే శ్రుతి చేయబూనగా, ఆ పనికి నియమితుడైన శ్రుతికారుడు ఫిర్యాదు చేసెను. అధికారి వారిని వారించెను. వారు వెనుదీయక ఒక పాత పియానోను సంపాదించి, విప్పి, ప్రతి భాగమును తడిమి తెలిసికొని, మరల కూర్చిరి. అంతట పాఠశాల వాద్యములు వారికే యప్పగింపబడెను.

1830లో మొంతాల్ పాఠశాలను విడిచి స్వయముగా వృత్తి నారంభించెను. చూపులేనివాని చేతికి పియానో నిచ్చుటకు జనులు జంకిరి. నిజమునకు శ్రుతి చేయుట చెవి పని. రెండు తీగెలు ఇంచుమించుగా కలిసినపుడు నాదము అలవలె హెచ్చుచు తగ్గుచు నుండును. పూర్తిగా కలిసినపుడు ఆ కదలిక యణగును. తంబురా శ్రుతి చేయువారు దీని నెరుగుదురు. కాని యీ సంగతి చెప్పినంత మాత్రమున లోకము నమ్మదు.

అట్టి సమయమున సంగీత కళాశాలాచార్యుడు లోరాన్ అను నాతడు, రెండు పియానోలను ఒకదానితో నొకటి కలియునట్లు శ్రుతి చేయుమని మొంతాలునకు నిచ్చెను. ఒక్కదానిని శ్రుతి చేయుట కంటె నిది కష్టము. మొంతాల్ దానిని నెరవేర్చెను. ఆచార్యుడు తృప్తిచెంది తన తోడివారికి చెప్పెను. ఒక యింటినుండి మరియొక యింటికి పిలుపులు వచ్చెను.

మొంతాల్ అంతటితో నాగలేదు. ఎవరి పియానోను వారే శ్రుతి చేసికొను విధమును బోధించుచు 1836లో నొక గ్రంథమును ప్రకటించెను. విద్యను దాచక పంచినచో పని తగ్గునని కొందరు తలంతురు. అతని విషయమున తగ్గలేదు. పని యొక్క కష్టము నెరిగినవారే పనివాని విలువ నెరిగిరి. పిమ్మట నతడు పియానోలు తయారుచేయు కర్మాగారమును సైతము స్థాపించి, 1865లో మరణించెను. ఐరోపా, అమెరికా ఖండములలో ననేక అంధపాఠశాలలు ఈ వృత్తిని నేర్పి, ఎందరికో స్వతంత్ర జీవనమును కల్పించెను.

విద్యార్థులారా! మీరు ఏ వృత్తి నవలంబించినను మొదటివాడు నమ్ముటయే కష్టము. అతడిచ్చిన పనిని, అది యెంత చిన్నదైనను, లోపములేకుండ ముగింపుడు. చెప్పిన వేళకు పొండు. చేయలేనిదానిని ముందే చెప్పుడు. అప్పుడు మీ పక్షమున మాటలాడువాడు మీరు సంతోషపెట్టిన ఆ మొదటి మనుష్యుడే యని మేము దృఢముగా నమ్ముచున్నాము.