కిటికీలో కూరాకు



ఈ పాఠం ఒక చిన్న కిటికీ గురించి. ఆ కిటికీ మదనపల్లెలో ఉంది. అది మా రాత్రి చదువుకు వచ్చే ఒక అక్క ఇంటి కిటికీ.

ఆ అక్కది ఒకే గది ఇల్లు, బాడుగ ఇల్లు. పెరడు లేదు. మిద్దె మీద కుండీలు పెట్టడానికి ఇంటివాళ్ళు ఒప్పుకోరు. అక్క మార్కెట్టు యార్డులో టమోటాలు ఏరే కూలి పనికి పోతుంది. పొద్దస్తమానం ఎర్రటి టమోటాల మధ్యే కూర్చుంటుంది. కానీ ఇంట్లో తినేది సంగటి, ఊరిమిండి. ఆకుకూర వారానికి ఒకసారి ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు.

ఒకరోజు ఆ అక్క ఆసుపత్రి కార్డు పట్టుకొని చదువుకు వచ్చింది.

"టీచరమ్మా, దీంట్లో 8.5 అని ఉండాది. నేనే చదివినాను. ఇది మంచి లెక్కా, చెడ్డ లెక్కా?" అని అడిగింది.

అది రక్తం లెక్క. ఆడవాళ్ళకు రక్తంలో హిమోగ్లోబిన్ 12 ఉండాలి. గర్భిణికి 11 ఉండాలి. అంతకంటే తగ్గితే రక్తహీనత అంటారు. 8.5 అంటే బాగా తక్కువ.

ఆ అక్క ఒక్కతే కాదు. 2019-21లో దేశమంతటా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళు 100 మందిలో 58 మందికి పైగా రక్తహీనత ఉందని ఆ సర్వేలో తేలింది. అంటే సగం కంటే ఎక్కువ. మన చదువు కేంద్రంలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి ఉండవచ్చు.

ధర మన చేతిలో లేదు

మదనపల్లె టమోటా మార్కెట్టు చాలా పెద్దది. లారీలు దూరదేశాలకు పోతాయి. 2023 జూలైలో ఇక్కడ కిలో టమోటా 200 రూపాయల దాకా పోయింది. అదే ఏడాది సెప్టెంబరులో 10 రూపాయల దగ్గరికి పడిపోయింది. పెరిగినప్పుడు కొనేవాళ్ళు ఏడ్చినారు. తగ్గినప్పుడు పండించినవాళ్ళు ఏడ్చినారు.

కూరాకు ధర మన చేతిలో లేదు. కానీ కొంచెం ఆకుకూర మన కిటికీలో పెంచుకోవచ్చు. పెరడు లేకున్నా, మట్టి లేకున్నా పెంచవచ్చు.

మట్టి లేకుండా ఎట్లా అంటారా? చూద్దాం.

మొక్క ఏం తింటుంది?

మొక్కకు కావలసినవి నాలుగు: నీళ్ళు, గాలి, వెలుతురు, ఆహారం.

మట్టి మొక్కను నిలబెడుతుంది. మొక్కకు కావలసిన లవణాలను దాచి ఉంచుతుంది. ఆ లవణాలు నీళ్ళలో కరుగుతాయి. కరిగిన నీటిని వేరు తాగుతుంది. అంటే వేరు మట్టిని తినదు, మట్టిలో కరిగిన సారాన్ని తాగుతుంది.

ఆ సారాన్ని మనమే నీళ్ళలో కలిపి ఇస్తే? మొక్క మట్టి లేకుండానే పెరుగుతుంది. దీనినే నీటి సేద్యం అంటారు. ఇంగ్లీషువాళ్ళు హైడ్రోపోనిక్స్ అంటారు. గ్రీకు భాషలో హైడ్రో అంటే నీరు, పోనోస్ అంటే శ్రమ. నీరే శ్రమ పడుతుందన్న మాట.

అమెరికాలో 1930ల కాలంలో గెరిక్ అనే శాస్త్రవేత్త నీళ్ళ తొట్లలో టమోటాలు పండించి చూపించాడు. ఆ మొక్కలు మనిషి ఎత్తును మించి పెరిగాయి. మన దేశంలో 1946లో బెంగాల్‌లోని కాలింపాంగ్ ప్రాంతంలో డగ్లస్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ పని మొదలుపెట్టాడు. ఖరీదైన సామాను లేకుండా పేదవాళ్ళు కూడా చేసుకునేలా పద్ధతులు వెతికాడు.

ఈ పద్ధతిలో నీళ్ళు ఇంకిపోవు. మన పడమటి మండలాల్లో నీళ్ళ విలువ ఎవరికి తెలియదు? కుప్పంలో 1990లలో ఇజ్రాయెల్ పద్ధతిలో బొట్టు బొట్టుగా నీళ్ళు ఇచ్చి పంటలు పండించి చూపించారు. నీటి సేద్యం కూడా అట్లాంటి పొదుపు దారే.

మొదటి పని: పళ్ళెంలో మెంతికూర

దీనికి ఎరువు అక్కరలేదు. ఎందుకంటే విత్తనం లోపలే మొదటి కొన్ని రోజుల తిండి ఉంటుంది. పుట్టింటి నుంచి సద్ది కట్టుకొని వచ్చినట్టు.

1. రెండు పిడికిళ్ళ మెంతులు కడిగి రాత్రంతా నానబెట్టండి.
2. అడుగున చిన్న చిల్లులు ఉన్న పళ్ళెం తీసుకోండి. దాంట్లో శుభ్రమైన నూలుగుడ్డ పరచండి. గుడ్డను తడపండి.
3. మెంతులు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. పైన ఇంకొక తడిగుడ్డ కప్పండి.
4. పూటకు ఒకసారి నీళ్ళు చిలకరించండి. నీళ్ళు నిలవకూడదు. నిలిస్తే కుళ్ళిన వాసన వస్తుంది.
5. మొలక లేచాక పైగుడ్డ తీసేయండి. పళ్ళెం కిటికీలో పెట్టండి.
6. పది, పన్నెండు రోజులకు లేత ఆకులు వస్తాయి. కత్తెరతో కోసి, కడిగి, పప్పులో వేసుకోండి.

ఒక మాట గుర్తుంచుకోండి. వంటకు వాడే మెంతులే వాడండి. ఎరువుల అంగడిలో అమ్మే విత్తనాలకు మందు పట్టించి ఉండవచ్చు. అవి మొలకలకు పనికిరావు.

రెండో పని: డబ్బాలో పాలకూర

దీనికి మూత ఉన్న 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా కావాలి. తినే వస్తువులు పోసిన డబ్బానే తీసుకోండి. పురుగుమందు డబ్బా, ఎరువు డబ్బా ఎంత కడిగినా వాడకూడదు.

1. డబ్బా చుట్టూ కాగితమో, ముదురు రంగు గుడ్డో చుట్టండి. నీటికి వెలుతురు తగిలితే పాచి పడుతుంది.
2. మూతకు చిన్న గ్లాసు పట్టేంత చిల్లు పెట్టండి.
3. ప్లాస్టిక్ గ్లాసు అడుగున, పక్కల చిల్లులు పెట్టండి. బాగా కడిగిన కొబ్బరి పీచు నింపండి. మూడు నాలుగు పాలకూర విత్తనాలు వేసి తడపండి.
4. మొలక వచ్చి, వేరు గ్లాసు కిందికి తొంగి చూసినప్పుడు గ్లాసును మూతలో దించండి. పోషక లవణాలు కలిపిన నీళ్ళు గ్లాసు అడుగుకు తగిలేలా పోయండి.
5. మొక్క తాగేకొద్దీ నీళ్ళు తగ్గుతాయి. అప్పుడు కొన్ని వేర్లు గాలిలో ఉంటాయి, కొన్ని నీటిలో ఉంటాయి. అదే కావాలి. వేరుకు కూడా ఊపిరి కావాలి కదా! మళ్ళీ అంచు దాకా పోయకండి. సగం వరకే పోయండి.
6. నెల దాటాక బయటి ఆకులు కోయండి. లోపలి లేత ఆకులు వదలండి. మళ్ళీ పెరుగుతాయి.

మూత సందులు లేకుండా మూయండి. నిలిచిన నీళ్ళలో దోమ గుడ్లు పెడుతుంది. డెంగీ దోమకు మంచి నీళ్ళే ఇష్టం.

బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువగా ఉంటే ఆకుల అంచులు మాడవచ్చు. వాన నీళ్ళు పట్టి పెట్టుకుంటే మంచిది.

టీచరు తప్పు, అక్క చదువు

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను.

మా కేంద్రంలో అందరికీ చూపించాలని నేనొక సీసాలో పాలకూర పెట్టాను. పోషక లవణాల పొట్లం తెచ్చాను. 'బలం కదా' అని లీటరు నీళ్ళకు ఒక చెంచా నిండా వేశాను. నాలుగు రోజులకు ఆకుల కొనలు మాడిపోయాయి. నేను తలపట్టుకున్నాను.

ఆ అక్క పొట్లంలోని కాగితం తీసింది. వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"ఏంది టీచరమ్మా, ఇట్ల చేస్తివి! లీటరుకు 1 గ్రాము అని రాసి ఉండాది కదా. చెంచా నిండా అంటే ఎన్ని గ్రాములు?"

చెంచా నిండా అంటే దగ్గర దగ్గర 5 గ్రాములు. నేను అయిదింతలు వేశాను! ఉప్పు ఎక్కువైన కూర మనం తినలేము. లవణం ఎక్కువైన నీళ్ళు మొక్క తాగలేదు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చదువు చెప్పే నేను కాగితం చదవలేదు. చదువు నేర్చుకునే అక్క చదివింది.

మరుసటి రోజు అక్క అంగడిలో 10 గ్రాములు తూకం వేయించుకొని వచ్చింది. బిందెతో 10 లీటర్ల నీళ్ళు కొలిచి కలిపింది. అంటే లీటరుకు 1 గ్రాము. ఆ నీళ్ళతో పెట్టిన మొక్క నిలిచింది.

మీరు కొనే పొట్లం మీద వేరే కొలత ఉండవచ్చు. ఆ కొలతే పాటించండి. కొన్ని మందులు రెండు సీసాలుగా వస్తాయి. ఆ రెండింటినీ నేరుగా కలపకూడదు. కలిపితే సున్నంలాగా అడుగున పేరుకుంటుంది. మొదటిది నీళ్ళలో వేసి కలిపి, ఆ తరువాత రెండోది వేయాలి. పొలంలో చల్లే యూరియా నీళ్ళలో వేయకండి. యూరియాను వేరుకు తగినట్టు మార్చే సూక్ష్మజీవులు మట్టిలో ఉంటాయి. సీసాలో తగినన్ని ఉండవు.

మొక్క ముఖం చదవండి

మొక్క కూడా ఒక పుస్తకమే.

కాడ సన్నగా పొడుగ్గా సాగి, ఆకు పాలిపోతే వెలుతురు చాలలేదు. రోజుకు నాలుగైదు గంటల ఎండ పడే కిటికీకి మార్చండి.

వేరు గోధుమరంగుకు మారి జిగురు పట్టి వాసన వస్తే గాలి చాలలేదు. నీళ్ళు మార్చండి, సగమే పోయండి.

లేత ఆకులు పసుపుగా మారి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము తగ్గి ఉండవచ్చు.

చూశారా! ఇనుము తగ్గితే మొక్క పాలిపోతుంది. ఇనుము తగ్గితే మనమూ పాలిపోతాము. మొక్క పాలిపోతే వెంటనే చూస్తాము. మన ముఖం పాలిపోతే ఎవరు చూస్తారు? మనమే చూసుకోవాలి.

ఉన్నది ఉన్నట్టు

లైటు, మోటారు ఉన్న పెట్టెలు కూడా అమ్ముతారు. వంటింటి గట్టు మీద పెడితే కూర పెరుగుతుంది. కానీ వాటికి వేల రూపాయలు కావాలి, కరెంటు కావాలి. అప్పు చేసి కొనకండి. కిటికీ ఎండకు బిల్లు రాదు.

ఒక డబ్బాతో ఇంటిల్లిపాదికీ కూర రాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన లెక్క ప్రకారం, మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలి. అందులో 100 గ్రాములు ఆకుకూరలు ఉండాలి. కిటికీ తోట దాంట్లో కొంత భాగమే ఇస్తుంది. మిగిలింది కొనాలి. పెరడు ఉన్నవాళ్ళు మట్టిలోనే సిర్రాకు, మునగ వేసుకోండి. అది ఇంకా చవక.

అయినా చిన్నదని తీసిపారేయకండి. పుంగనూరు ఆవు ఎంత పొట్టిది! మేత కొంచెమే తింటుంది. అయినా ఇంటికి పాలు ఇస్తుంది. ఈ తోట కూడా అట్లాంటిదే.

ఆకుకూరలో నిమ్మకాయ పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అంతగా పట్టదు.

ఇంకో ముఖ్యమైన మాట. ఆకుకూర తింటున్నామని ఐరన్ మాత్రలు మానకండి. రక్తం బాగా తగ్గినప్పుడు ఆకుకూర ఒక్కటే చాలదు. ఆశా అక్కను అడగండి. ఆసుపత్రిలో రక్తం లెక్క చూపించుకోండి.

మా అక్క మాత్రలు మానలేదు. మెంతికూర పళ్ళెం కూడా మానలేదు. మూడు నెలల తరువాత కార్డు తెచ్చింది. ఈసారి నన్ను అడగలేదు. తానే పైకి చదివింది.

"10.2."

తరువాత అంది: "ఇంకా 12 కావాల టీచరమ్మా. ఇంకా ఎంత తక్కువ?"

నల్లబల్ల మీద తీసివేత తానే వేసింది.

లెక్క వేయండి

1. 12 లో నుంచి 10.2 తీసివేస్తే ఎంత?
2. లీటరుకు 1 గ్రాము వేయాలి. 5 లీటర్ల డబ్బాకు ఎన్ని గ్రాములు?
3. 10 లీటర్ల నీళ్ళతో 5 లీటర్ల డబ్బాలు ఎన్ని నిండుతాయి?

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఆకుకూర వండిన రోజు మీ వంతు ఎంత? చివర మిగిలిందేనా?
2. మీ ఇంట్లో ఎండ పడే కిటికీ ఎక్కడ ఉంది?
3. టమోటా ధర పెరిగినప్పుడు మీరు ఏం చేశారు?

రాయండి

మీ ఆసుపత్రి కార్డు తీయండి. మీ రక్తం లెక్క చదవండి. ఈ గీత మీద మీ చేత్తో రాయండి:

నా పేరు ________________. నా రక్తం లెక్క ________. తేదీ ________.

కార్డు లేకుంటే రేపే అడిగి తెచ్చుకోండి. ఈ రాత్రి మెంతులు నానబెట్టండి.