ఆప్తవియోగము – ఓదార్పు ధర్మము

పుట్టినవారికి మరణం తప్పదని తెలియనివారు లేరు. అయినా ఇంటి పెద్ద కన్నుమూసిన నాడు ఆ తెలివి అక్కరకు రాదు. అట్టి వేళ బంధుమిత్రుల కర్తవ్యమేమి? పోయినవారిని స్మరించే సరియైన పద్ధతి ఏది? ప్రతి శ్రావక కుటుంబమూ ఆలోచించదగిన విషయమిది.

జైనుడు దుఃఖించడమే తప్పా అన్న సందేహం కొందరికి కలుగుతుంది. క్రీ.పూ. 527లో పావాపురిలో మహావీరస్వామి నిర్వాణం పొందిన రాత్రి గౌతమస్వామి దగ్గర లేరు. దేవశర్మ అనే బ్రాహ్మణునికి ధర్మబోధ చేయడానికి స్వామియే ఆయనను పంపారని శ్వేతాంబర సంప్రదాయం చెబుతుంది. వార్త విని ఆ ప్రథమ గణధరుడు విలపించారు. పిదప తన అనురాగమే తనకు బంధమని గ్రహించి, తెల్లవారేసరికి కేవలజ్ఞానం పొందారు. అంతటివారి కంటనే నీరు వచ్చినప్పుడు గృహస్థుల కన్నీటిని తప్పుపట్టరాదు. అయితే ఆయన ఆ కన్నీటి వద్దనే ఆగిపోలేదు.

ఉమాస్వాతి ఆచార్యుల తత్త్వార్థసూత్రం 9వ అధ్యాయం ప్రియమైనది దూరమైనందుకు ఎడతెగక చింతించడాన్ని ఆర్తధ్యానమన్నది. 6వ అధ్యాయం మరొక మాట చెప్పింది: శోకాన్ని, ఆక్రందనను తనలో పెంచుకొన్నా, ఇతరులలో కలిగించినా, అసాతావేదనీయ కర్మ బంధిస్తుంది. ‘ఇతరులలో’ అన్న మాట పరామర్శకు వెళ్లేవారు మరువరాదు.

ఇస్లాపూర్ ప్రాంతం 1956 వరకు ఆదిలాబాదు జిల్లా బోథ్ తాలూకాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో ఈ సర్కిల్ నాందేడు జిల్లాలో చేరింది. సరిహద్దు మారినా చుట్టరికాలు మారలేదు. అందుచేత ఇటువంటి ఊరిలో ఒక ఇంట మరణం సంభవిస్తే కిన్వట్, ఆదిలాబాదు, నాందేడు వైపులనుండి బంధువులు రావడం సహజం. వచ్చిన ప్రతివారూ “ఎట్లా జరిగిందమ్మా, చివరికి ఏమన్నారు?” అని అడిగితే ఆ ఇల్లాలు ఒకే మరణాన్ని రోజుకు పదిమార్లు అనుభవించవలసి వస్తుంది. ఇది ఓదార్పు కాదు. మౌనంగా కూర్చుండి నమోకార మంత్రం స్మరించడం, అనిత్య, అశరణాది పన్నెండు భావనలలో ఒకటి నెమ్మదిగా చదివి వినిపించడం మేలు. ఆమె తానుగా చెప్పుకొంటే మాత్రం అడ్డుతగలక వినాలి.

వర్తకుల ఇండ్లలో మరొక భారముంటుంది. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరినుండి ఎంత రావాలో కొంత ఖాతాలో, కొంత పోయినవారి జ్ఞాపకంలో ఉంటుంది. బాకీ మాట ఆ దినాలలో ఎత్తరాదు. తాము బాకీపడినవారు మాత్రం అడగకముందే వచ్చి చెప్పాలి. చీటీ లేదని దాచడం అచౌర్యవ్రతానికి భంగం. “వదినా, పిల్లవాడు నిలదొక్కుకొనేదాకా దుకాణం లెక్కలు మేము చూస్తాం” అన్న ఒక్క మాట, దాని వెంట నడిచే పని, నూరు సానుభూతి వాక్యాలకంటె విలువైనవి. జనం తగ్గిన రెండవ నెలలోనే ఈ సాయం ఎక్కువ అవసరం.

ఇక స్మరణ. దేహం వదలిన జీవుడు కొద్ది సమయాలలోనే వేరొక జన్మ స్వీకరిస్తాడని జైన సిద్ధాంతం. కావున ఇక్కడ పెట్టే పిండం అతనికి చేరదు. అతని గుణమే ఇక్కడ నిలపదగినది. కడప జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న దానవులపాడులో రాష్ట్రకూటుల దండనాయకుడు శ్రీవిజయుని నిషిధి శాసనం దొరికింది. సన్యసనంతో దేహం విడిచిన ఆ వీరుని గుణాలను వెయ్యేండ్ల తరువాత కూడా ఆ శిల చెబుతున్నది. నేటి గృహస్థుడు శిల నిలపనక్కరలేదు. పోయినవారు పక్షులకు గింజలు వేసేవారైతే ఆ గింజలు ఆగకూడదు. ఒక పేద విద్యార్థికి ఫీజు కట్టేవారైతే అతని చదువు ఆగకూడదు. వారు ఎవరితోనైనా మాటలు మాని ఉంటే, కుమారుడు ఆ ఇంటికి వెళ్లి మిచ్ఛామి దుక్కడం చెప్పాలి.

పోయినవారి తిథి వచ్చినప్పుడు ఆ ఇంట ఏడ్పుకు బదులు ఒక మంచిపని జరిగితే, పిల్లలకు తాతగారి పేరుతోపాటు ఆయన నడవడి కూడా తెలుస్తుంది. అదే నిజమైన స్మరణ.