పాఠం 14: మీరున్న చోటు ఎవరికి తెలియాలి?

14.1 ఉపోద్ఘాతం

గుజరాత్‌లోని సూరత్ నగరంలో లింబాయత్ అనే ప్రాంతం ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు, ఇతర తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో ఏళ్ళుగా నివసిస్తున్నాయి. చాలామందికి మరమగ్గాల పనే ఆధారం. మరమగ్గాన్ని మనవాళ్ళు 'సాంచా' అంటారు. దీపావళికి సాంచాలు ఆగినప్పుడు, ఊళ్ళో పెళ్ళిళ్ళు ఉన్నప్పుడు ఇంటికి తాళం వేసి, నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్ వైపు బయలుదేరుతారు.

వెనకటి రోజుల్లో ఊరికి పోయేవారు పక్కింటివారికి మాత్రమే చెప్పేవారు. "ఇల్లు జర చూస్తుండు వదినా" అని తాళంచెవి కూడా ఇచ్చేవారు. ఆ మాట ఆ ఒక్క చెవినే పడేది. ఈనాడు అదే మాటను ఫోన్‌లో రాస్తే ఎన్ని చెవుల పడుతుంది? ఈ పాఠంలో ఆ సంగతి తెలుసుకుందాం.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఫోన్‌కు మీరున్న చోటు ఎలా తెలుస్తుందో వివరించగలుగుతారు.
• ఆ చోటు ఇతరులకు ఏయే దారుల్లో తెలుస్తుందో గుర్తించగలుగుతారు.
• చోటును ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు తెలియజేయాలో నిర్ణయించుకోగలుగుతారు.
• ఆపద వస్తే ఎవరిని సంప్రదించాలో చెప్పగలుగుతారు.

14.3 రైలులో ఒక సంభాషణ

లింబాయత్‌లో ఉండే ఒక అక్క, తమ్ముడు దీపావళికి ఊరికి వెళ్తున్నారని ఊహించుకోండి. రైలు అప్పుడే సూరత్ స్టేషన్ దాటింది.

అక్క: ఏం రాస్తున్నవ్‌రా తమ్ముడూ?

తమ్ముడు: ఫేస్‌బుక్‌ల పెడుతున్న అక్కా. "నవజీవన్ ఎక్కినం, పది రోజులు ఊర్లనే" అని.

అక్క: ఎవరెవరికి కనబడతది?

తమ్ముడు: అందరికీ. మనోళ్ళే కదా చూసేది.

అక్క: మనోళ్ళే చూస్తరని నీకెట్ల తెల్సు? మొన్న చిట్టి పైసలు వచ్చినయని రాసినవ్. పోయిన బతుకమ్మకు మన ఇంటి ముంగట ఫోటో పెట్టినవ్, గల్లీ పేరు గూడ కనబడుతుండె. ఇప్పుడు ఇంట్ల ఎవరు లేరని రాస్తున్నవ్. మూడు కలిపితే ఏమైతది?

తమ్ముడు: తాళంచెవి ఎక్కడున్నదో ఒక్కటే చెప్పలేదన్నట్టు!

అక్క: నవ్వులాట కాదురా. ఇంకొకటి చూడు. ఫోటోల మన వెనక కూసున్నామె పడ్డది. మొగని దెబ్బలకు ఓర్వలేక ఎవరికీ చెప్పకుండ పుట్టింటికి పోతున్న అన్నది కదా. ఏ రైలు, ఏ దిక్కు, అన్నీ నువ్వే చెప్పినట్టాయె.

తమ్ముడు: (కాసేపు ఆగి) అది నాకు తట్టనే లేదక్కా. ఈ ఫోటో తీసేస్త. మన ఇద్దరి ఫోటో, సూరత్‌కు తిరిగొచ్చినంక పెడ్త.

ఈ సంభాషణలో తమ్ముడు చెడు తలంపుతో ఏమీ చేయలేదు. పండుగ సంతోషాన్ని పంచుకోవాలనుకున్నాడు, అంతే. అయినా దానివల్ల రెండు ప్రమాదాలు రాబోయాయి. ఒకటి తన ఇంటికి, రెండవది ముక్కూముఖం తెలియని ఒక స్త్రీ ప్రాణానికి. రెండవది మరీ పెద్దదని మీకు తోచే ఉంటుంది.

పాఠ్యగత ప్రశ్నలు – 1
1. తమ్ముడు వేర్వేరు రోజుల్లో బయటపెట్టిన మూడు సంగతులు ఏవి?
2. వెనక కూర్చున్న స్త్రీ ఏమీ రాయకపోయినా ఆమె ఉన్న చోటు ఎలా బయటపడబోయింది?

14.4 ఫోన్‌కు చోటు ఎలా తెలుస్తుంది?

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జి.పి.ఎస్. ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. అవి ఎడతెగకుండా సంకేతాలు పంపుతాయి. మీ ఫోన్ కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను అందుకుని, అవి వచ్చి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి మీరున్న చోటును లెక్క కడుతుంది. ఆరుబయట ఈ లెక్కలో తేడా కొద్ది మీటర్లే ఉంటుంది. ఇరుకు గల్లీల్లో, ఇంటి లోపల సంకేతాలు బలహీనపడతాయి. అప్పుడు ఫోన్ దగ్గరలోని మొబైల్ టవర్లను, వై-ఫై పెట్టెలను బట్టి అంచనా వేస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఉపగ్రహం మిమ్మల్ని చూడదు. మీరెక్కడ ఉన్నారో దానికి తెలియదు. లెక్క కట్టేది మీ చేతిలోని ఫోన్. ఆ లెక్కను బయటికి పంపేవి మనం అనుమతి ఇచ్చిన యాప్‌లు. కనుక ఆ అనుమతిని ఆపే వీలు కూడా మన చేతిలోనే ఉంది.

14.5 చోటు బయటపడే దారులు

(అ) మనమే చెప్పడం: పోస్టులో ఊరి పేరు, స్టేషన్ పేరు, ఆసుపత్రి పేరు జోడించడం.

(ఆ) ఫోటో చెప్పడం: ఫోటోలో దుకాణం బోర్డు, పిల్లల బడి యూనిఫాం, ఇంటి నంబరు కనబడవచ్చు. ఇవి పైకి కనిపించేవి. కనిపించనిది మరొకటి ఉంది. కెమెరాకు లొకేషన్ అనుమతి ఉంటే, ఫోటో తీసిన చోటు అంకెల రూపంలో ఆ ఫోటో లోపలే నమోదవుతుంది. 2012 డిసెంబరులో జాన్ మెకాఫీ అనే వ్యాపారి విషయంలో ఇలాగే జరిగింది. వైరస్ నిరోధక సాఫ్ట్‌వేర్‌తో పేరు పొందిన ఆయన, బెలీజ్ దేశపు పోలీసులు ప్రశ్నించడానికి వెతుకుతుండగా రహస్యంగా తిరుగుతున్నాడు. ఒక పత్రిక ఆయన ఫోటోను ప్రచురించింది. ఫోటో లోపలి అంకెలను బట్టి ఆయన గ్వాటెమాలాలో ఉన్నట్లు లోకానికి తెలిసిపోయింది. వాట్సాప్‌లో మామూలుగా పంపే ఫోటోల నుంచి ఈ అంకెలు తొలగిపోతాయి. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే అవి అలాగే వెళ్తాయి.

(ఇ) లైవ్ లొకేషన్: మీరు కదులుతున్న కొద్దీ అవతలివారికి మీ చోటు కనిపిస్తూ ఉండే సౌకర్యం ఇది. వాట్సాప్‌లో 2017 నుంచి ఉంది. 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడు గడువులు ఉంటాయి. కొన్ని ఇతర యాప్‌లలో మనం ఆపేదాకా ఆగని పద్ధతి కూడా ఉంది. మీ ఫోన్ కాసేపు మరొకరి చేతికి చిక్కితే, మీకు తెలియకుండానే వారు దాన్ని తెరిచి పెట్టవచ్చు.

(ఈ) ఇతరులు చెప్పడం: పెళ్ళి ఫోటోలో, రైలు ఫోటోలో మీరుంటే, మీ పేరు జోడించినా జోడించకపోయినా, మిమ్మల్ని ఎరిగినవారు గుర్తుపడతారు.

(ఉ) పోగుపడిన గుర్తులు చెప్పడం: స్ట్రావా అనేది పరుగు, సైకిల్ వ్యాయామాలను నమోదు చేసే యాప్. ఆ సంస్థ 2017 నవంబరులో తన వాడుకరులు తిరిగిన దారులన్నిటినీ కలిపి ప్రపంచ పటంగా ప్రచురించింది. అందులో ఎవరి పేరూ లేదు. అయినా 2018 జనవరిలో ఒక ఆస్ట్రేలియా విద్యార్థి ఆ పటంలోని ప్రమాదాన్ని ఎత్తి చూపాడు. అఫ్ఘానిస్తాన్, సిరియా వంటి చోట్ల వేరెవరూ ఆ యాప్ వాడని ప్రాంతాల్లో సైనికులు పరుగెత్తిన దారులు వెలుగు గీతల్లా కనబడి, సైనిక స్థావరాల ఆకారం బయటపడింది.

ఒక్క పోగుతో బట్ట కాదు. పడుగూ పేకా కలిస్తేనే నేత కనబడుతుంది. మనం రోజూ వదిలే గుర్తులు కూడా అంతే. ఏ గంటకు డ్యూటీకి వెళ్తాం, పిల్లలు ఏ బడికి వెళ్తారు, ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుంది అన్నవి విడివిడిగా చిన్న సంగతులు. కలిపి చూసేవారికి అది మన దినచర్య.

పాఠ్యగత ప్రశ్నలు – 2
సరైన మాటతో ఖాళీలు పూరించండి.
1. చోటును లెక్క కట్టడానికి ఫోన్‌కు కనీసం ______ ఉపగ్రహాల సంకేతాలు కావాలి.
2. వాట్సాప్ లైవ్ లొకేషన్‌లో ఎక్కువలో ఎక్కువ గడువు ______ గంటలు.

14.6 మేలు కూడా ఉంది

చోటు చెప్పడమే తప్పు అనుకోకండి. రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికి నడిచి వచ్చే ఆడబిడ్డ తన అన్నకు 15 నిమిషాల లైవ్ లొకేషన్ పంపడం మంచి జాగ్రత్త. ప్రమాదం జరిగిన చోటును అంబులెన్సు వారికి పంపడం ప్రాణాన్ని కాపాడవచ్చు. తేడా ఎక్కడుంది? అక్కడ ఒక్కరికే చెప్పారు, ఒక అవసరానికి చెప్పారు, ఒక గడువు పెట్టి చెప్పారు. ఈ మూడూ లేనప్పుడే ముప్పు.

పాటించవలసిన జాగ్రత్తలు:
1. ప్రయాణం ఫోటోలను తిరిగి వచ్చాక పెట్టండి. 'అందరికీ' అని కాక, తెలిసినవారికే కనబడేలా ఎంచుకోండి.
2. ఫోన్ సెట్టింగ్స్‌లో లొకేషన్ అనుమతుల పట్టిక తెరవండి. అవసరం లేని యాప్‌లకు అనుమతి తీసివేయండి. అవసరమైన వాటికి 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అన్నది ఎంచుకోండి.
3. కెమెరాకు లొకేషన్ అనుమతి ఆపివేయండి.
4. లైవ్ లొకేషన్ ఎవరెవరికి వెళ్తున్నదో వారానికోసారి చూసుకోండి.
5. ఇతరుల ఫోటో పెట్టేముందు వారిని అడగండి. పిల్లల బడి పేరు కనబడే ఫోటోలు పెట్టకండి.

ఒక హెచ్చరిక: ఇంట్లో హింసకు గురవుతున్న స్త్రీ ఫోన్‌పై భర్త నిఘా పెట్టి ఉంటే, లొకేషన్‌ను ఒక్కసారిగా ఆపడం వల్ల అతనికి అనుమానం రావచ్చు. అలాంటప్పుడు ముందుగా వేరొకరి ఫోన్ నుంచి సహాయం కోరడం మంచిది.

14.7 చట్టం ఏమంటుంది?

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. 2024 జులై 8న అదే కోర్టు మరొక తీర్పులో, బెయిలుపై విడుదలైన వ్యక్తి ఎప్పటికప్పుడు ఎక్కడున్నదీ పోలీసులు కనిపెట్టేలా ఫోన్‌లో చోటు తెలియజేస్తూ ఉండాలని షరతు పెట్టకూడదని చెప్పింది. నేరం మోపబడిన మనిషికే ఆ హక్కు ఉంటే, మీకూ నాకూ లేకుండా పోతుందా? ఆలోచించండి.

ఇష్టం లేదని స్పష్టంగా చెప్పినా ఒక స్త్రీని పదేపదే వెంబడించడం, ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం నేరం. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 78వ సెక్షన్ ప్రకారం మొదటిసారి మూడేళ్ళ వరకు, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు.

ఆపదలో 112కు ఫోన్ చేయండి. స్త్రీల సహాయానికి 181 ఉంది. గుజరాత్‌లో దీన్ని 'అభయం' అంటారు.

14.8 మీరు ఏం నేర్చుకున్నారు?

• చోటును లెక్క కట్టేది ఫోన్. బయటికి పంపేవి మనం అనుమతి ఇచ్చిన యాప్‌లు.
• చిన్న చిన్న సంగతులు కలిస్తే మన దినచర్య బయటపడుతుంది.
• ఒకరికి, ఒక అవసరానికి, ఒక గడువుతో చెబితే మేలు.
• మన చోటే కాదు, ఇతరుల చోటు కూడా మన చేతిలో ఉంటుంది. దాన్ని కాపాడడం మన బాధ్యత.

14.9 పాఠాంత ప్రశ్నలు

1. లైవ్ లొకేషన్ వల్ల ఒక మేలు, ఒక కీడు రాయండి.
2. స్ట్రావా పటంలో పేర్లు లేకపోయినా రహస్యం ఎందుకు బయటపడింది?
3. మీ ఫోన్‌లో లొకేషన్ అనుమతి ఉన్న యాప్‌ల పేర్లు రాసి, వాటిలో ఏవి అవసరమో గుర్తించండి.

14.10 పాఠ్యగత ప్రశ్నల జవాబులు

1-1. చిట్టి డబ్బు వచ్చిందని, ఇల్లున్న గల్లీ పేరు, పది రోజులు ఇంట్లో ఎవరూ ఉండరని.
1-2. ఇతరులు తీసిన ఫోటోలో ఆమె కనబడడం వల్ల.
2-1. నాలుగు. 2-2. 8.