చేపకు బలం వేరు, టీకా వేరు

కొల్లేరు దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్ళో పొదుపు సంఘం ఆడవాళ్ళు పదిమంది కలిశారు. అప్పు తీసుకున్నారు. ఎకరం చెరువు కౌలుకు పట్టారు. శీలావతి, బొచ్చె పిల్లలు 2,000 వేశారు.

ఒకరోజు పొద్దున్నే మరదలు పరుగున వచ్చింది.

"వదినా! చేపల ఒంటిమీద ఎర్రమచ్చలు కనిపిస్తున్నాయి. కొట్టాయన ఈ డబ్బా ఇచ్చాడు. చేపల టీకా అంట. మేతలో కలిపితే ఏ జబ్బూ ఉండదంట. రేపు డబ్బు కట్టమన్నాడు."

వదిన రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. డబ్బా తిప్పి చూసింది. కూడబలుక్కుని చదివింది.

"దీనిమీద ఖనిజ లవణాలు, విటమిన్లు అని రాసి ఉంది. ఇది టీకా కాదు. బలం పొడి."

"రెండూ ఒకటి కాదా?"

"కాదే. నీ బిడ్డకు పప్పు, ఆకుకూర పెడతావు. అది బలం. పోలియో చుక్కలు వేయిస్తావు. అది టీకా. పప్పు తిన్నాడని చుక్కలు మానేస్తామా?"

ఇద్దరూ రెండు చేపలను బతికుండగానే నీళ్ళ బిందెలో వేసుకుని మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్ళారు. ఆఫీసరు చూశారు. చేపలకు పేను పట్టిందని చెప్పారు. పేను కుట్టిన చోట ఎర్రమచ్చ పడుతుంది. ఆయన రాసిచ్చిన మందునే, చెప్పిన కొలతలోనే వాడారు. అప్పు తెచ్చిన డబ్బు వృథా కాలేదు.

బలం పొడి ఎందుకు?

తవుడు, చెక్క మంచి మేతే. కానీ అన్ని లవణాలూ, విటమిన్లూ వాటిలో చాలినంత ఉండవు. సి విటమిన్ చాలకపోతే చేప వెన్నెముక వంకర పోవచ్చు. అందుకే 100 కిలోల మేతకు 1 కిలో పొడి కలుపుతారు. చల్లారిన గంజితో కలిపితే పొడి మేతకు అంటుకుంటుంది. వేడి గంజిలో కలిపితే సి విటమిన్ పోతుంది.

చేపలకు టీకా ఉందా?

ఉంది. నార్వే దేశంలో సాల్మన్ అనే చేపలను సముద్రంలో వలల మధ్య పెంచుతారు. పిల్లగా ఉన్నప్పుడే ఒక్కొక్క చేపకు సూది వేస్తారు. 1987లో అక్కడ చేపలకు దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్ మందులు వాడారు. టీకాలు వచ్చాక ఆ వాడకం బాగా పడిపోయింది. ఈ కాలంలో ఏడాదికి ఒక టన్ను కూడా దాటడం లేదు.

మన శీలావతి, బొచ్చె చెరువుల్లో టీకా వేసే అలవాటు ఇంకా రాలేదు. కాబట్టి ఎవరైనా టీకా అని పొడి అమ్మితే నమ్మకండి. ఒక జబ్బుకు వేసే టీకా మరో జబ్బును ఆపదు. పేనును అసలే ఆపదు.

గుర్తు పెట్టుకోండి

- పిల్లలను మరీ ఎక్కువ వేయకండి.
- బూజు పట్టిన చెక్క, తవుడు వేయకండి.
- తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే నీటిలో గాలి చాలడం లేదు. మేత ఆపండి. కొత్త నీరు పెట్టండి.
- చచ్చిన చేపను గట్టుమీద పారేయకండి. సున్నం చల్లి పూడ్చండి.
- యాంటీబయాటిక్ మందులు మీ అంతట మీరు వాడకండి. వాటిలో కొన్నింటిని ప్రభుత్వం నిషేధించింది.

లెక్క చేద్దాం

చెరువులో 2,000 చేపలు ఉన్నాయి. ఒక్కొక్కటి 250 గ్రాములు. మొత్తం బరువు 500 కిలోలు. 100 కిలోల చేపకు రోజుకు 2 కిలోల మేత చొప్పున 10 కిలోలు కావాలి. అందులో పొడి 100 గ్రాములు.

చెప్పండి

1. వదిన డబ్బా చదవకపోతే ఏమయ్యేది?
2. బలం పొడికి, టీకాకు తేడా ఏమిటి?
3. చేప 500 గ్రాములు అయితే, అదే చొప్పున రోజుకు ఎంత మేత కావాలి?